మీకు తెలుసా? ఒళ్లు అలిసినంత మాత్రాన పొట్ట కరగదు

“పొద్దస్తమానం మగ్గం కాడ నిలబడేదే గదనా, మళ్లా వ్యాయామం ఎందుకు?” పుత్తూరు, నారాయణవనం, నగరి పక్కల మరమగ్గాల షెడ్లలో ఎవరినైనా బరువు తగ్గమంటే వచ్చే జవాబు ఇది. బేల్దారి పనికి పోయేవాళ్లు, మామిడి కాలంలో లారీలకు కాయలెత్తేవాళ్లు, కరువు పనిలో మన్ను తవ్వే ఆడవాళ్లు కూడా ఇదే మాటంటారు. మాటలో న్యాయముంది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒళ్లు వంచిన మనిషికి పోయి పార్కు చుట్టూ తిరగమని చెప్పడం సలహా ఇచ్చేవాళ్లకు తేలిక. అయినా అదే షెడ్డులో నలభై దాటేసరికి పొట్ట, బీపీ, షుగరు వచ్చిపడుతున్న వాళ్లున్నారు. కష్టానికీ కొవ్వుకూ ఉన్న లెక్క మనం అనుకున్నంత సూటిగా లేదు. ఈసారి ఆ లెక్కే చూద్దాం.

నేత పని ఏ తరగతి?

1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ ఒకటుంది. ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ అదే. ఎవరు ఎంత తినాలో చెప్పడానికి అది మనుషుల పనిని మూడు తరగతులు చేసింది: కూర్చుని చేసే పని, మధ్యస్థం, బరువు పని. నేతగాడు, తాపీమేస్త్రీ, వడ్రంగి, పొలం కూలీ, మూటలు మోసే కూలీ, వీళ్లంతా ఆ పట్టికలో మధ్యస్థం కిందే ఉన్నారు. బరువు పని కింద ఉన్నది రాళ్లు కొట్టేవాళ్లు, కమ్మరులు, గనుల్లో దిగేవాళ్లు, కట్టెలు కొట్టేవాళ్లు, రైలు పట్టాల గ్యాంగ్‌మెన్.

2020 లెక్కల ప్రకారం 65 కిలోల మగవాడికి రోజుకు కావలసింది కూర్చునే పనిలో 2,110 కేలరీలు, మధ్యస్థంలో 2,710, బరువు పనిలో 3,470. 55 కిలోల ఆడమనిషికి వరసగా 1,660, 2,130, 2,720. మధ్యస్థపు పని చేస్తూ బరువు పనివాడి తిండి తింటే మగవాడికి రోజూ 760 కేలరీలు మిగిలిపోతాయి. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. కాగితం మీద వేస్తే పది రోజులకు ఒక కిలో! నిజ జీవితంలో అంత వేగంగా పెరగరు, ఎందుకంటే బరువు పెరిగేకొద్దీ శరీరం ఖర్చు కూడా పెరుగుతుంది. అయినా పొట్ట ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థం కావడానికి ఆ లెక్క చాలు.

మరమగ్గం సంగతి ఇంకొంచెం ప్రత్యేకం. గుంత మగ్గం మీద కాళ్లతో తొక్కేదీ చేత్తో నాడె విసిరేదీ మనిషే. మరమగ్గంలో ఆ పని మోటారు చేస్తుంది. మనిషి తెగిన పోగు అతుకుతాడు, కండె మారుస్తాడు, ఒక మగ్గం నుంచి ఇంకో మగ్గానికి నడుస్తాడు. రోజంతా కాలు నిలవదు, కానీ కండరం మీద పడే బరువు తక్కువ. తాత గుంత మగ్గం కాడ తిన్నంత తిండి మనవడు మరమగ్గం కాడ తింటే ఆ తేడా ఒంట్లోనే నిలుస్తుంది.

మరి అంత అలసట ఎందుకు?

చెవులు గళ్లుపడే చప్పుడు, రేకుల షెడ్డులో ఉక్క, కదలకుండా నిలబడటం, పోగు తెగుతుందేమోనని క్షణం ఏమరకుండా చూడటం. వీటన్నిటికీ మనిషి పిండైపోతాడు, కానీ కేలరీలు పెద్దగా ఖర్చు కావు. సాయంత్రానికి కాళ్లు లాగడమూ తల దిమ్మెక్కడమూ నిజమే. దాన్ని బట్టి ఈరోజు చాలా కరిగిందనుకుని కంచం నింపుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది.

జనపనార మిల్లులో తెలిసిన నిజం

ఈ విషయం మీద ప్రపంచమంతా ఇప్పటికీ చెప్పుకునే పాత అధ్యయనం మన దేశంలోనే జరిగింది. 1956లో జీన్ మేయర్ అనే పోషకాహార శాస్త్రవేత్త, ఇద్దరు భారతీయ సహచరులతో కలిసి, పశ్చిమ బెంగాల్లోని లడ్లో జనపనార మిల్లులో 213 మంది మగవాళ్ల తిండినీ పనినీ బరువునూ లెక్కగట్టాడు. గుమాస్తాల దగ్గర్నుంచి బరువులు మోసే కూలీల దాకా అందరూ అందులో ఉన్నారు. పని పెరిగినకొద్దీ తిండి కూడా సరిగ్గా అంతే పెరుగుతున్నట్టు తేలింది. అందుకే తేలిక పనివాడూ బరువు పనివాడూ దాదాపు ఒకే బరువున్నారు. చిత్రమేమిటంటే అస్సలు కదలకుండా అంగట్లో కూర్చునేవాళ్లు కూలీలతో సమానంగా తిన్నారు. లావుగా ఉన్నదీ వాళ్లే.

దీంట్లో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. ఒళ్లు కదిలితే ఆకలి ఒళ్లు చెప్పినట్టు వింటుంది. కానీ కష్టపడ్డ మేరకు ఆకలి కూడా లేస్తుంది. కాబట్టి కష్టం ఒక్కటే మనిషిని సన్నబరచదు.

అడవిలో వేటాడేవాళ్లు కూడా

టాంజానియాలో హాడ్జా అనే తెగవాళ్లలో కొందరు ఇప్పటికీ వేటాడి, గడ్డలు తవ్వుకుని బతుకుతారు. మగవాళ్లు రోజుకు 11 కిలోమీటర్ల దాకా నడుస్తారు. 2012లో హెర్మన్ పాంట్జర్ బృందం వాళ్లు రోజు మొత్తంలో ఖర్చుపెట్టే శక్తిని కొలిచింది. ఒంటి పరిమాణంతో సరిచూస్తే అమెరికాలో, యూరప్‌లో కుర్చీల్లో పనిచేసేవాళ్లకూ వీళ్లకూ తేడా కనబడలేదు. రోజూ ఎక్కువ పని చేసే శరీరం మిగతా చోట్ల పొదుపు చేసుకుంటుందని పాంట్జర్ అంటాడు. ఈ మాట మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి. బరువు తగ్గడంలో కంచానిదే పెద్ద వాటా అన్నదాని మీద మాత్రం పెద్దగా వాదన లేదు.

కండక్టరు గెలిచాడు

వ్యాయామం గుండెకు మంచిదని మొదట గట్టిగా చూపించింది ఆటగాళ్ల మీద జరిగిన పరిశోధన అనుకుంటాం. కాదు, లండన్ బస్సుల్లో పనిచేసినవాళ్ల మీద జరిగింది. 1953లో జెరెమీ మోరిస్ అనే డాక్టరు డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చాడు. కూర్చుని నడిపే డ్రైవర్లకు గుండె జబ్బు ఎక్కువ. టికెట్ల కోసం రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కిదిగే కండక్టర్లకు తక్కువ. డ్రైవర్లు అసలే లావుగా ఉన్నవాళ్లేమోనన్న అనుమానంతో 1956లో ఆ బృందం ఇంకో పని చేసింది. రవాణా సంస్థ కుట్టించిన యూనిఫారాల కొలతలు తీసింది. డ్రైవర్ల ప్యాంట్ల నడుము పెద్దదే!

అంటే పని చేస్తేనే వ్యాయామం అయిపోయినట్టేనా? అక్కడే మలుపుంది.

కోపెన్‌హాగన్ నుంచి ఒక హెచ్చరిక

డెన్మార్క్‌లో ఆండ్రియాస్ హోల్టర్‌మన్ అనే పరిశోధకుడు చాలా ఏళ్లుగా కార్మికుల ఆరోగ్యం మీదే పనిచేస్తున్నాడు. ఆయన బృందం 2021లో కోపెన్‌హాగన్ చుట్టుపక్కల 1,04,046 మంది వివరాలు చూసింది. తీరిక వేళల్లో ఒళ్లు కదిలించేవాళ్లకు గుండెపోటూ మరణమూ తగ్గాయి. పనిలో ఒళ్లు విరుచుకునేవాళ్లకు అవి పెరిగాయి. అంతకుముందు 2018లో 1,93,696 మంది లెక్కలు కలిపి చూసిన ఇంకో పరిశీలనలో, బరువు పని చేసే మగవాళ్లకు ముందుగా చనిపోయే ముప్పు 18 శాతం ఎక్కువని తేలింది.

రెండూ కదలికే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది? హోల్టర్‌మన్ చెప్పిన కారణాలు చదివితే మన షెడ్లూ మన యార్డులూ కళ్లముందు కనబడతాయి. వ్యాయామం కాసేపే ఉంటుంది, గుండె గట్టిగా కొట్టుకుని మళ్లీ విశ్రమిస్తుంది. పనిలో గుండె వేగం కొంచెంగా పెరిగి గంటల తరబడి అలాగే ఉంటుంది. బరువు పట్టుకుని బిగబట్టినప్పుడు రక్తపోటు ఎగబాకుతుంది. కాళ్లు నొస్తే ఆగే వీలు వ్యాయామంలో ఉంటుంది, లోడు దిగేదాకా ఆగే వీలు పనిలో ఉండదు. పొద్దంతా పడిన అలసట తీరకముందే మర్నాడు మళ్లీ అదే పని. లండన్ కండక్టరు మెట్లెక్కాడు, దిగాడు, మధ్యలో నిలబడ్డాడు. మోపు నెత్తిన పెట్టుకుని గంటలు నిలబడలేదు.

అందరూ ఈ మాట ఒప్పుకోరు. పేదరికం, పొగ, సరైన వైద్యం అందకపోవడం కూడా ఈ లెక్కలో కలిసిపోతున్నాయని కొందరంటారు. 2021లోనే నార్వేలో వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో, ఒళ్లు కదిలే ఉద్యోగాల్లోని మగవాళ్లు కూర్చునే ఉద్యోగులకంటే ఎక్కువ కాలం బతికినట్టు తేలింది. నార్వేలో కార్మికుడికి దొరికే పనివేళలు, సెలవులు, వైద్యం గుర్తుపెట్టుకుంటే ఆ ఫలితం నాకు ఆశ్చర్యంగా అనిపించదు. పని మనిషిని నాశనం చేస్తుందని కాదు, విశ్రాంతి లేని పని చేస్తుంది.

మూడో వంతు లెక్క

ఎనిమిది గంటలు చేసే పని, మన ఒంటికున్న గరిష్ఠ శక్తిలో దాదాపు మూడో వంతుకు మించకూడదన్నది పని శరీరధర్మ శాస్త్రంలో పాత సూత్రం. మించితే అలసట పేరుకుపోతుంది. ఇక్కడే కూలివాడికి వ్యాయామం ఎందుకన్న ప్రశ్నకు అసలు జవాబుంది. సిమెంటు మూట 50 కిలోలే, అది తగ్గదు. మన దమ్ము పెరిగితే అదే మూట మన శక్తిలో చిన్న భాగమవుతుంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కొంచెం మనిషిగా మిగులుతాం. బరువు తగ్గడం దాని తర్వాతి లాభం.

జాగ్రత్త కూడా చెప్పాలి. డెన్మార్క్‌లోనే పాచిపని చేసే 116 మందిలో సగం మందికి వారానికి రెండుసార్లు అరగంట చొప్పున చెమటపట్టే వ్యాయామం చేయించారు. నాలుగు నెలలకు దమ్ము పెరిగింది. దాంతోపాటు 24 గంటలూ కొలిచిన బీపీలో పై అంకె సగటున 3.6 పాయింట్లు పెరిగింది. అప్పటికే అలిసిన ఒంటి మీద ఇంకో భారం వేస్తే ఒళ్లు ఎదురు తిరగవచ్చు. కాబట్టి బీపీ ఉన్నవాళ్లు కొలిపించుకోకుండా ఉరుకులు మొదలుపెట్టకండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ ఊరికే చూస్తారు.

పనికి ఎదురు దిక్కు

ఏ వ్యాయామం చేయాలన్నదానికి నా సలహా ఒక్కటే: పని ఒంటిని ఏ వైపు వంచుతుందో దానికి ఎదురు వైపు కదలండి.

గుంత మగ్గం కాడ రోజంతా నడుము ముందుకు వంగి ఉంటుంది. రాత్రి బోర్లా పడుకుని అరచేతులు ఆనించి ఛాతీ మెల్లగా పైకెత్తండి, అయిదారు సార్లు చాలు. భుజాలు వెనక్కి లాగి, వెనకాల వేళ్లు కలిపి పట్టుకోండి. మరమగ్గం కాడ నిలబడేవాళ్లకు కాళ్లలో రక్తం దిగిపోయి నరాలు ఉబ్బుతాయి. కండె మార్చే మధ్యలో మడమలు లేపి దించితే పిక్కలు ఆ రక్తాన్ని పైకి తోస్తాయి. ఇంటికి వచ్చాక గోడకు కాళ్లు చాపి పది నిమిషాలు పడుకుంటే హాయిగా ఉంటుంది. బేల్దారి మేస్త్రీకి, నెత్తిన తట్ట మోసే ఆడవాళ్లకు మెడ, నడుము చిక్కులు. వాళ్లకు గోడ పట్టుకుని మెల్లగా గుంజీలు, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం మేలు. మూటలెత్తేవాళ్లకు ఇంకా బరువులెత్తే వ్యాయామం ఎందుకు? వాళ్లకు చేతులూపుకుంటూ చురుగ్గా నడవడం కావాలి. గుండెకు పని చెప్పేది, భుజానికి సెలవిచ్చేది అదే.

అంత తీరిక ఎక్కడిదంటారా? రబ్బరు పట్టీ లాగే చిన్న వ్యాయామం రోజుకు రెండు నిమిషాలు, వారానికి అయిదు రోజులు, పది వారాలు చేసినా మెడ, భుజం నొప్పులు తగ్గాయని 2011లో డెన్మార్క్ పరిశోధకులు చూపించారు. 198 మంది మీద చేసిన పరీక్ష అది. వాళ్లు ఆఫీసు ఉద్యోగులు, నిజమే. కానీ రెండు నిమిషాలు ఎవరికైనా దొరుకుతాయి. ఊళ్లలో పాతకాలపు తాలింఖానాల్లో చేయించిన దండీలు, బస్కీలు కూడా చిన్నచిన్న విడతలే.

చెమట కొవ్వు కాదు

మే నెలలో పనికి పోయివచ్చి త్రాసు ఎక్కితే ఒక కిలో తగ్గినట్టు కనబడవచ్చు. పోయింది నీళ్లు. ఎండలో బరువు పని చేసేవాడికి గంటకు ఒక లీటరు చెమట పోవడం మామూలే. రెండు చెంబుల మజ్జిగ తాగితే ఆ బరువు తిరిగివస్తుంది, రావాలి కూడా. ఒళ్లు తగ్గుతుందని నీళ్లు మానేవాళ్లు ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి మన ఎండకు తగిన తాగుళ్లు. మనవాళ్లు ఎంతోమంది బతుకుతెరువుకు పోయే కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని చేయించడం నిషేధం. రేణిగుంట నుంచి నగరి దాకా రోడ్డు పక్క పనుల్లో కూడా అలాంటి నియమం ఉంటే బాగుండునని ప్రతి వేసవీ అనిపిస్తుంది.

టీ గ్లాసులో ఎంతుంది?

రెండు చెంచాల చక్కెర అంటే సుమారు 10 గ్రాములు, 40 కేలరీలు. నిద్ర ఆపుకోవడానికి రోజుకు ఆరు టీలు తాగితే చక్కెరే 60 గ్రాములు. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పిన హద్దు రోజుకు 20 నుంచి 25 గ్రాములు. టీ మానొద్దు, అది పనిలో దొరికే కాసింత విశ్రాంతి. చెంచా సగానికి తగ్గించండి. వారం రోజులకు నాలుక అలవాటు పడుతుంది.

క్వార్టరు లెక్క

ఒళ్లునొప్పులకని చాలామంది రాత్రిపూట తాగుతారు. మందలించడానికి ఇది రాయడం లేదు, నొప్పి నిజమే కాబట్టి. కానీ 180 మిల్లీలీటర్ల సీసాలో ఉన్న ఆల్కహాలే సుమారు 60 గ్రాములు, గ్రాముకు 7 చొప్పున దాదాపు 425 కేలరీలు. పక్కన తినే వేపుళ్లు వేరే. పైగా ఆ కేలరీలు ఖర్చయ్యేదాకా శరీరం కొవ్వును కరిగించే పని పక్కన పెడుతుంది. నిద్ర పట్టినట్టే ఉంటుంది గానీ అది మత్తు. మర్నాడు ఒళ్లు తేలికపడదు.

సంగటి తింటే సన్నబడతామా?

పచ్చి ధాన్యంగా చూస్తే 100 గ్రాముల రాగుల్లో 320, బియ్యంలో 356 కేలరీలు. తేడా కొంచెమే. సంగటి ముద్ద పెద్దదైతే అన్నంకంటే ఎక్కువే పడుతుంది. రాగుల గొప్ప వేరే చోట ఉంది: 100 గ్రాములకు 11 గ్రాముల పీచు, 364 మిల్లీగ్రాముల కాల్షియం. బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే, కాల్షియం 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. పీచు వల్ల కడుపు నిండినట్టుండి సాయంత్రం బజ్జీల మీదికి మనసు పోదు. ముద్ద చిన్నది చేసి, పక్కన ఆకుకూర పప్పో ఉలవచారో ఎక్కువ పోసుకుంటే మన తాతల తిండే ఈ కాలానికి సరిపోతుంది.

అనపగింజలు మరవకండి

తిండి తగ్గించి బరువు తగ్గేటప్పుడు మాంసకృత్తులు చాలకపోతే కొవ్వుతోపాటు కండరం కూడా పోతుంది. మూటెత్తే భుజం అదే కదా! కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములన్నది మన దేశపు లెక్క, అంటే 65 కిలోల మనిషికి 54 గ్రాములు. కష్టం చేసేవాళ్లు ఇంకొంచెం తిన్నా తప్పులేదు. ఉలవల్లో 100కు 22 గ్రాముల దాకా ఉంటాయి. కోడిగుడ్డులో ఆరేడు గ్రాములు. చలికాలంలో మన పక్క దొరికే అనపగింజలు, పితికిన పప్పు చవకలో మంచి దారి. చెనిక్కాయల్లోనూ మాంసకృత్తులు మెండే, కాకపోతే 100 గ్రాములకు 560 కేలరీల పైన ఉంటాయి. గుప్పెడుతో ఆపండి.

రాత్రి షిఫ్టు దొంగిలించేది

2010లో చికాగో విశ్వవిద్యాలయంలో పదిమంది లావుపాటి వాళ్లకు ఒకే కొలత తిండి పెట్టి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, ఇంకో రెండు వారాలు అయిదున్నర గంటలు పడుకోబెట్టారు. రెండు విడతల్లోనూ దాదాపు మూడేసి కిలోలు తగ్గారు. బాగా పడుకున్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు. నిద్ర తగ్గినప్పుడు కొవ్వు 0.6 కిలోలే, మిగతాదంతా కండరంతో సహా కొవ్వు కాని బరువే. ఆకలి కూడా పెరిగింది. మరమగ్గాల్లో రాత్రి షిఫ్టు చేసి, పగలు పిల్లల గోలలో మూడు నాలుగు గంటలు కునికే మనిషికి ఇది ఎంత అన్యాయమో ఆలోచించండి. అలాంటివాళ్లు నడక కోసం నిద్ర తగ్గించుకోకూడదు. ముందు నిద్ర. కిటికీకి మందపాటి గుడ్డ, ఇంటిల్లిపాదీ ఆ కొన్ని గంటలు చప్పుడు చేయకుండా ఉండటం, ఇవి కూడా బరువు తగ్గించే పనులే. ఇంట్లో ఆడమనిషే షిఫ్టు చేస్తుంటే ఆ నిద్రకు అడ్డుపడే వంట, నీళ్లు, బట్టల పని మిగతావాళ్లు పంచుకోక తప్పదు.

పుత్తూరు కట్టు కాడికి రాకముందే

పుత్తూరు పేరు చెబితే తెలుగువాళ్లకూ తమిళులకూ గుర్తొచ్చేది ఎముకల కట్టు. పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు దబ్బలతో కట్టే కట్టు కోసం తరాలుగా జనం వస్తున్నారు. ఎముక విరిగినప్పుడు ముందు ఎక్స్‌రే తీయించుకోవడం, చర్మం చిట్లి గాయమైతే నేరుగా ఆసుపత్రికి పోవడం మరవకూడదు. ఏ కట్టు కట్టినా, సిమెంటు పట్టీ వేసినా, కదలని కండరం రెండు వారాల్లోనే కరగడం మొదలవుతుంది. కట్టు విప్పాక చేయి సన్నగా కనబడేది అందుకే. విప్పిన మర్నాడే పాత బరువు ఎత్తబోకండి.

మోకాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. కీళ్లనొప్పులున్న 142 మంది మీద 2005లో అమెరికాలో జరిగిన అధ్యయనంలో, ఒంటి బరువు 1 కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద 4 కిలోల భారం తగ్గుతుందని తేలింది. షెడ్డులో రోజుకు వేలాది అడుగులు వేసేవాళ్లకు రెండు కిలోలు తగ్గినా ఎంత ఊరటో!

మనసుకు తెలిస్తే చాలా?

2007లో అమెరికాలో ఏడు హోటళ్లలో గదులు ఊడ్చే 84 మంది ఆడవాళ్లలో కొందరికి, మీరు చేస్తున్న పని మంచి వ్యాయామమని వివరంగా చెప్పారు. మిగతావాళ్లకు చెప్పలేదు. నాలుగు వారాలకు, చెప్పినవాళ్ల బరువూ రక్తపోటూ కొద్దిగా తగ్గాయి. ఒక్క అధ్యయనాన్ని పట్టుకుని నమ్మేయలేం. తమ కష్టానికి విలువుందని తెలిసినవాళ్లు ఒంటిని ఇంకొంచెం శ్రద్ధగా చూసుకున్నారేమో. అది కూడా చిన్న సంగతి కాదు.

సెలవు రోజు నడక

వారమంతా కుదరకపోతే ఒకటి రెండు రోజుల్లోనే కానిచ్చేవాళ్లకు లాభముందా? ఇంగ్లండ్, స్కాట్లాండ్‌లలో 63,591 మందిని గమనించి 2017లో వెలువరించిన ఫలితాల్లో, అలా చేసేవాళ్లకు కూడా అసలు చేయనివాళ్లకంటే మరణపు ముప్పు 30 శాతం దాకా తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత వారానికి 150 నిమిషాల నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు కదలిక.

మనకు దగ్గర్లోనే మూలకోన, సదాశివకోన ఉన్నాయి. తిరుమల మెట్లూ దూరం కాదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, ఎత్తు సుమారు 700 మీటర్లు. 65 కిలోల మనిషి ఆ ఎత్తు ఎక్కడానికి దాదాపు 500 కేలరీలు కావాలి. నాలుగు పెద్ద చెంచాల నూనెలో ఉండేది కూడా అంతే. కొండంత కష్టం నాలుగు చెంచాల నూనెతో సమానమంటే, వంటింట్లో రోజూ ఒక చెంచా నూనె తగ్గించడం ఎంత పెద్ద పనో తెలుస్తుంది. మెట్లు ఎక్కితే వచ్చే దమ్ము, మనసుకు కలిగే నెమ్మది నూనె తగ్గిస్తే రావు. రెండూ కావాలి.

త్రాసుకంటే టేపు

కండరం పెరిగి కొవ్వు తగ్గితే త్రాసు ముల్లు కదలకపోవచ్చు. చెమట వల్ల ఒక రోజుకూ ఇంకో రోజుకూ తేడా రావచ్చు. అందుకని దర్జీ టేపు నమ్మండి. మన దేశస్థులకు నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదన్నది డాక్టర్లు వాడే హద్దు. బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. తెల్లవాళ్లకంటే మనకు హద్దు తక్కువ, ఎందుకంటే అదే బరువుకు మన పొట్టలో కొవ్వు ఎక్కువ చేరుతుంది. పొద్దున ఏమీ తినకముందు, పక్కటెముకల చివరకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, ఊపిరి వదిలాక, బిగించకుండా కొలవాలి. నెలకొకసారి చాలు. కొలత రాసిపెట్టుకోండి, రెండు సెంటీమీటర్లు తగ్గితే దారి సరైనదే. గుండెల్లో పట్టినట్టుండటం, నాలుగడుగులకే ఆయాసం, ఎడమ చేయి లాగడం ఉంటే మాత్రం టేపూ వ్యాయామం రెండూ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పోవాలి. కూలి ఒక్క రోజు పోతుందని ఆగకండి.